ఆడపెళ్లివారి పాట

ఆ ఎండాకాలం మొదట కోపం వచ్చింది నాకు కాదు, మా పక్కింటి పిలార్‌కు.

లండన్ శివారు హారోలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య నడుమెత్తు చెక్క కంచె ఒక్కటే అడ్డం. రెండువేల పదమూడు జూలైలో లండన్‌కు అలవాటు లేని ఎండలు కాశాయి. కిటికీలన్నీ తెరిచే ఉండేవి. వాళ్ల మాటలు మా వంటింట్లోకి, మా పోపు ఘాటు వాళ్ల హాల్లోకి దర్జాగా నడిచేవి. పిలార్ మాడ్రిడ్ మనిషి, నర్సుగా చేసి రిటైరైంది. ఆమె భర్త ఇగ్నాసియోది మెక్సికో. ఇద్దరూ మాట్లాడేది స్పానిషే, అయినా ఆ రోజు పిలార్ విసురుగా కంచె దగ్గరికి వచ్చి, ఇన్నేళ్లు కాపురం చేసినా ఈయనకు తన భాష సరిగా నేర్పలేకపోయానని నాతో మొర పెట్టుకుంది. మా ఆవిడ నాలుక పళ్ల మధ్య ఇరుక్కుని పుట్టింది, ఆ దేశంలో అందరికీ అదే జబ్బు అని ఇగ్నాసియో లోపల్నుంచి ఇంగ్లిష్‌లో కేకేశాడు.

పెద్దాయన ఏమంటున్నాడని మా అత్తమ్మ రత్నకుమారి అడిగింది. ఆవిడ తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చి ఉంది. నేను చెప్పాను. ఆవిడ నవ్వి, అచ్చం మీ ఇద్దరిలాగే ఉన్నారే అంది.

నాకూ నవ్వే వచ్చింది. నాది జనగామ. మా ఆయన విజయభాస్కర్‌ది తెనాలి. హైదరాబాదులో ఒకే కంపెనీలో పరిచయమై, ఇరువైపులవాళ్లనూ ఒప్పించి పెళ్లి చేసుకుని ఈ దేశం వచ్చాం. నేను 'గట్ల' అంటే ఆయన 'అలా' అని దిద్దేవాడు. మొదట్లో అది ముద్దుగా ఉండేది.

ఆ ఆదివారం పిలార్ మమ్మల్ని వాళ్లింటికి సినిమాకు పిలిచింది. నలుపు తెలుపుల పాత మ్యూజికల్ కామెడీ. మెక్సికోలో ఒక ముసలాయన చనిపోతూ పెద్ద లోగిలి ఒకటి వదిలిపోతాడు. సగం అక్కడే గుర్రాల మీద పాటలు పాడుకుంటూ తిరిగే మేనల్లుడికి, సగం మాడ్రిడ్‌లో గాయనిగా పేరున్న అన్న కూతురికి. ఆ పిల్ల పెట్టెలతో ఓడ దిగి వచ్చేస్తుంది. మర్నాడే వాకిలి నడిమధ్యన సున్నంతో గీత గీస్తారు. బావి అతని వైపు, పొయ్యి ఆమె వైపు. ఇక నీళ్లకూ నిప్పుకూ తగువులే, ప్రతి తగువూ ఒక పాటే. ఆమె అతని మోటు మాటను వెక్కిరిస్తుంది, అతను ఆమె నాలుక తిప్పుడును వెక్కిరిస్తాడు. చివర పెళ్లి విందులో పొడుగాటి బల్లకు అటు స్పెయిన్‌వాళ్లూ ఇటు మెక్సికోవాళ్లూ కూర్చుని, చరణానికి చరణంగా ఒకళ్లనొకళ్లు దులిపేసుకుంటారు.

ఇగ్నాసియో ఆపి ఆపి ఇంగ్లిష్‌లో అర్థం చెబుతుంటే, అది పక్షపాతపు అనువాదమని పిలార్ మళ్లీ మొదట్నుంచీ చెప్పేది. మా అత్తమ్మకు ఏ అనువాదమూ అక్కర్లేకపోయింది. విందు సీను మొదలవగానే సోఫాలో ముందుకు జరిగి, "ఇవి వియ్యాలవారి పాటలు కదటే" అంది. పెళ్లిలో మగపెళ్లివారు బంతిలో కూర్చుంటే ఆడపెళ్లివారి ఆడంగులు పాడే వెక్కిరింపు పాటలు ఆవిడకు బోలెడు వచ్చు. అక్కడికక్కడే ఒకటి పాడి వినిపించింది కూడా. ఇగ్నాసియో బల్ల చరిచి తాళం వేశాడు.

అప్పుడు పిలార్ ఒక సంగతి చెప్పింది. చిన్నప్పుడు మాడ్రిడ్‌లో ఆమె ఈ సినిమా చూసినప్పుడు విందులో మెక్సికోవాళ్ల చరణాలు లేవట. అక్కడ ఆడించినవాళ్లు కత్తిరించేశారట. స్పెయిన్‌వాళ్లు పాడతారు, అందరూ నవ్వుతారు, వెంటనే పెళ్లి గంటలు. పాపం వీళ్లకు జవాబు చెప్పడం రాదనే అనుకుందట చాలా ఏళ్లు. పెళ్లయ్యాక ఇగ్నాసియోతో కలిసి చూస్తుంటే ఉన్నట్టుండి జవాబు వచ్చిందట. ఆ రోజు తనకు సిగ్గేసిందని ఆమె అనలేదు. కోపం వచ్చిందని అంది. ఎవరి మీదని నేను అడిగితే, కత్తెర పట్టుకున్నవాడి మీద అంది.

నేను తెలుగులో చెప్పగానే మా అత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇదేం పద్ధతి? ఒకళ్లు పాడితే రెండోవాళ్లు పాడాలి. లేకపోతే అది పాటెట్లా అవుద్ది, తిట్టవుద్ది."

ఇంటికొచ్చేసరికి నా బుర్రలో నాటకం తయారైపోయింది. మా తెలుగు సంఘం ఏటా దసరాకు వెంబ్లీలో ఒక హాలు తీసుకుని ప్రోగ్రాం చేస్తుంది. సెక్రటరీ చలపతి గారు మా ఆయనకు ప్రాణస్నేహితుడు, గుంటూరు మనిషి, నన్ను చెల్లెమ్మా అనేవాడు. తాత వదిలిపోయిన ఇల్లు ఒకటి, తెనాలి అబ్బాయికి సగం, జనగామ అమ్మాయికి సగం, నడుమ సున్నం గీత. చివర పెళ్లి బంతిలో ఇరుపక్షాల పాటలు. అత్తమ్మ వరసలిచ్చింది, నేను మాటలు కట్టాను. రెండువైపులా నేనే రాశాను, ఎవరికీ తక్కువ చెయ్యలేదు. మావాళ్ల మీద, 'జొన్నరొట్టె చేతికిచ్చి జున్నుముక్క అన్నారు, వియ్యపురాలు పలికితే విరిగిపోయె పాలు' అని రాసి నేనే పడీ పడీ నవ్వాను. చలపతి గారు విని, ఈసారి హాలు దద్దరిల్లిపోతుంది చెల్లెమ్మా అన్నాడు.

జూలై ఆఖర్లో ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది, రాష్ట్రం రెండు చేస్తామని.

ఆ సాయంత్రం మా హాల్లో టీవీ ముందు పదిమంది దాకా చేరారు. అందరూ మా ఆయన స్నేహితులే, అందరూ అటువైపు వాళ్లే. హైదరాబాదు ఎవరు కట్టారు, ఎవరి డబ్బు, ఎవరి తెలివి అని మొదలైంది. మేం రాకముందు అక్కడ ఏముంది, రాళ్లు తప్ప అన్నారొకరు. వాళ్లకు ఏలుకోవడం ఏం తెలుసు, ఆర్నెల్లలో మళ్లీ మన కాళ్ల దగ్గరికే వస్తారు అన్నారింకొకరు. వంటింట్లో నేను టీ వడగడుతున్నాను. ఆ 'వాళ్లు' నేనేనని, ఆ ఇంటి మార్ట్‌గేజ్‌లో సగం నా జీతమేనని అక్కడున్న ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ట్రే తీసుకుని వెళ్లేసరికి ఒక్క క్షణం మాటలాగాయి. ఇక మా ఊరు రావాలంటే నీకు వీసా కావాలి చెల్లెమ్మా అన్నాడు చలపతి గారు. అందరూ నవ్వారు. భాస్కర్ నవ్వాడు. నేనూ నవ్వాను, చేతిలో ట్రే ఉన్న మనిషి ఇంకేం చేస్తుంది.

ఆ నవ్వు నాకు చాలా రోజులు అరగలేదు.

ఆగస్టులో చలపతి గారు నాటకం కొత్తగా రాయించుకుని వచ్చాడు. పరిస్థితి సెన్సిటివ్‌గా ఉందని, అందుకే చిన్న చిన్న మార్పులు చేశామని చెప్పాడు. ఆ చిన్న మార్పుల్లో జనగామ అమ్మాయి విజయవాడ అమ్మాయైంది. ఆ వేషం ఆయన భార్య బిందుమాధవిది. ఆడపెళ్లివారి చరణాలు మొత్తం తీసేశారు, రాజకీయం ధ్వనిస్తోందట. మగపెళ్లివారివి మాత్రం ఉంచారు, అవి ఉత్త తిండి మీద సరదాలట. సున్నం గీత కూడా పోయింది. మా యాస ఒక్క మనిషికి మిగిలింది, ఆ ఇంట్లో అంట్లు తోమే పనిమనిషికి. ఆ వేషం నన్నే వెయ్యమన్నాడు, నీకైతే ప్రాక్టీసే అక్కర్లేదు చెల్లెమ్మా అంటూ.

నేను వెయ్యనన్నాను. నా నాటకం నాకు ఇచ్చెయ్యమన్నాను. ఆయన భాస్కర్ వంక చూశాడు.

"నాటకమే కదా మధూ. ఇందులో హర్ట్ అవ్వడానికేముంది?" అన్నాడు భాస్కర్.

"మీ పాట ఉంచి మా పాట తీసిండ్రు. గదేం నాటకం?"

"చూశావా, మీరు మేము అంటున్నావు."

ఆ మాటతో నేనే తప్పు చేసినదాన్నయ్యాను. చలపతి గారు టీ తాగి, బావుంది అని మెచ్చుకుని వెళ్లిపోయాడు. వారం తర్వాత పనిమనిషి వేషం భాస్కర్ వేస్తున్నాడని తెలిసింది. ఆడవేషంలో మగాడైతే ఇంకా నవ్వొస్తుందట. పైగా సరుకు ఇంట్లోనే ఉంది కదా అని చలపతి గారన్నాడట. భాస్కర్ అదంతా నాకు సరదాగా చెప్పి, నీ పాత చీర ఒకటి ఇవ్వమని అడిగాడు. బీరువాలో ఉన్నాయి, తీసుకో అన్నాను.

అప్పట్లో నేను ఒక జీపీ సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టుగా పనిచేసేదాన్ని. ఆ నెలంతా నేను ఫోనెత్తి గుడ్ మార్నింగ్ అంటే, నా గొంతుకు జడిసి అవతలివాళ్లు సారీ అనేవాళ్లు. ఇంట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగేదాన్ని. అత్తమ్మ చూస్తూ ఊరుకునేది. భాస్కర్ మాత్రం రిహార్సల్స్ నుంచి ఈల వేసుకుంటూ వచ్చేవాడు.

ప్రోగ్రాం శనివారం మధ్యాహ్నం. వెంబ్లీలో హాలు నిండిపోయింది. పిల్లలు కుర్చీల మధ్య పరుగులు, పట్టుచీరల రెపరెపలు, వెనకనుంచి సమోసాల వాసన. నేనూ అత్తమ్మా ముందునుంచి మూడో వరసలో కూర్చున్నాం. రాకుండా ఉండాల్సింది, కానీ రాకపోతే అలిగిందంటారని వెళ్లాను.

భాస్కర్ నా ఆకుపచ్చ చీరలో, నూనె రాసి అణచిన విగ్గుతో స్టేజీ ఎక్కగానే ఈలలు పడ్డాయి. గాయన, గీడ, గట్లనా అంటూ ప్రతి మాటకూ ఒక 'గ' తగిలించి, నడుం మీద చెయ్యేసి తిరిగాడు. మా ఊళ్లో ఎవరూ అలా మాట్లాడరు. అక్కడిదాకా నేను పళ్లు బిగబట్టుకుని కూర్చోగలిగాను.

పెళ్లికని తెచ్చిన కోడిపుంజు తాడు తెంపుకుని పారిపోతుంది. పనిమనిషి నేల మీద కూలబడి ఏడవాలి. భాస్కర్ కూలబడ్డాడు. మోకాలు ఒకటి మడిచి, ఒకటి చాపి, వీపు గోడకు ఆనించినట్టు వెనక్కి వాల్చి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని మొదలుపెట్టాడు.

"ఓ బాపూ... నీ బిడ్డ మొకం సూడకనే వోతివా... ఇగ నేనేడ గూసోని ఏడ్వాలె..."

హాలు విరగబడి నవ్వింది.

రెండేళ్ల కిందట, శీతాకాలంలో మా బాపు పోయాడు. అప్పుడు మా పాస్‌పోర్టులు వీసా పొడిగింపు కోసం హోమ్ ఆఫీసులో ఉన్నాయి. నేను వెళ్లలేకపోయాను. ఫోన్ పెట్టేసి వంటింట్లో ఫ్రిజ్ పక్కన, మోకాలు ఒకటి మడిచి ఒకటి చాపి కూలబడి, సరిగ్గా ఆ మాటలే అన్నాను. అప్పుడు నా పక్కన కూర్చుని నన్ను పట్టుకున్న మనిషి ఒక్కడే. ఆ మాటలు విన్న మనిషీ ఒక్కడే.

వెనక వరసల్లోంచి ఎవరో వన్స్ మోర్ అన్నారు. భాస్కర్ మళ్లీ మొదట్నుంచీ ఏడ్చాడు. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.

నేను ఒళ్లో ఉన్న బ్యాగు జిప్పు పూర్తిగా మూసి, చేతులు దాని మీద పెట్టుకున్నాను. పక్కన అత్తమ్మ నవ్వి నవ్వి పైటచెంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఆవిడకు ఏం తెలుసు.

తర్వాత పెళ్లి బంతి సీను. మగపెళ్లివారు వరసగా కూర్చుని నేను రాసిన చరణాలు చప్పట్లు కొడుతూ పాడారు. జొన్నరొట్టె, విరిగిన పాలు, అన్నీ. పాట ఆగింది. ఆగీ ఆగగానే స్పీకర్లలోంచి సన్నాయి, అక్షింతలు, కర్టెన్. అత్తమ్మ కర్టెన్ వంక చూసి, వెనక వరసలకు కూడా వినపడేంత గట్టిగా, "అదేంటి, ఆడపెళ్లివారి పాటేదీ?" అంది. ముందు కూర్చున్నవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు.

కారులో భాస్కర్ ఇంకా ముఖానికి అంటిన రంగుతోనే ఉన్నాడు. ఎలా ఉందని అడిగాడు.

"గా ఏడ్పు నీకెక్కడిది?" అన్నాను.

సిగ్నల్ దగ్గర కారాగింది. పచ్చలైటు పడినా ఆయన కదలలేదు. వెనకనుంచి హారన్ కొట్టారు.

"ఏదైనా ఏడుపు డైలాగ్ కావాలన్నారు. అప్పటికి అదే గుర్తొచ్చింది మధూ. అది నీదని అక్కడ ఎవరికీ తెలీదు కదా."

"నీకు తెలుసు."

ఆయన ఇంకేదో అనబోయాడు. వెనక సీట్లోంచి అత్తమ్మ, ఏ ఏడుపురా అని అడిగింది. ఆయన చెప్పలేదు, నేనే చెప్పాను. ఇంటి దగ్గర కొడుకు చెయ్యి అందించబోతే ఆవిడ తీసుకోకుండా తలుపు పట్టుకుని దిగింది.

మర్నాడు ఆదివారం నాటకంవాళ్లందరికీ మా ఇంట్లో భోజనాలు. ముందే పిలిచేశారు. కాన్సిల్ చేసేద్దామా అన్నాడు భాస్కర్ పొద్దున్నే, నా ముఖం చూడకుండా. వద్దన్నాను. నేను వండాలనే నిశ్చయించుకున్నాను. పప్పు, గుత్తివంకాయ, పులుసు, మా ఊరి పచ్చిపులుసు, అన్నీ వండాను. అత్తమ్మ వెంబ్లీలో అరిటాకులు తెప్పించింది. కుర్చీలు చాలవని హాల్లో దుప్పట్లు పరిచి బంతి వేసింది. ఎవరెక్కడ కూర్చోవాలో కూడా ఆవిడే చెప్పింది. భాస్కర్‌ను చలపతి గారి పక్కన కూర్చోబెట్టింది.

అన్నం, పప్పు పడ్డాయి. నెయ్యి పడింది. అందరూ కలిపి మొదటి ముద్ద ఎత్తారు. అప్పుడు నేను పప్పు గిన్నె చేతిలో పట్టుకునే మొదలుపెట్టాను, అత్తమ్మ నేర్పిన వరసలోనే.

"గోంగూర దిన్నోల్లు గొంతు మండెనన్నరు
దూపైందని జెప్పి కిష్టమ్మంత దాగిండ్రు"

చలపతి గారు గట్టిగా నవ్వాడు. దూప అంటే ఏంటి చెల్లెమ్మా అన్నాడు. దాహం అన్నాను. కృష్ణానది మొత్తం దాహమని తాగేశారన్నమాట అని ఆయనే పక్కవాళ్లకు విడమరిచి, ఆ పూర్తి అర్థం తలకెక్కేసరికి కాస్త నెమ్మదించాడు. నేను గుత్తివంకాయ వడ్డిస్తూ రెండోది అందుకున్నాను.

"మా ఇంటి కొచ్చిండ్రు, మంచమేసి పన్నరు
పొద్దుగాల లేసినంక ఇల్లు మాదె అన్నరు"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆకుల మీద చేతులు ఆగిపోయాయి. ఎవరో ఒకాయన దగ్గాడు. చలపతి గారి ముఖం ఎర్రబడింది. ఇంటికి పిలిచి ఇదేంటి భాస్కర్ అన్నాడు, నన్ను కాదు, మా ఆయన్ని. ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని లేవబోయాడు.

"కూర్చో నాయనా," అంది మా అత్తమ్మ. ఆవిడ కంఠం పెద్దది కాలేదు. "విస్తరి ముందు నుంచి మధ్యలో లేవకూడదు. నిన్న పదిమందిలో మీరు పాడారు, వాళ్లు కూర్చుని విన్నారు. ఇవాళ వాళ్లు పాడుతున్నారు. పాడించుకోవడం చేతకానివాడు పాడకూడదు."

చలపతి గారు బిందుమాధవి వంక చూశాడు. ఆవిడ తల వంచుకుని పప్పన్నంలో వేలితో గీతలు గీస్తోంది. ఉండండి, పూర్తికానివ్వండి అంది మెల్లగా. ఆయన మళ్లీ కూలబడ్డాడు.

మూడోది ఆ తెల్లవారుజామున స్టవ్ ముందు నిలబడి కట్టింది.

"అరువు దెచ్చి ఏడ్సిండ్రు, అందరు జూసి నవ్విండ్రు
ఏడ్పు మాదె, నవ్వు మీదె, ఎంత బాగ పంచిండ్రు"

గిన్నె కింద పెట్టాను. పులుసు ఎవరికి కావాలని అడిగాను. ఎవరికీ వద్దు. చలపతి గారు పెరుగు దాకా ఆగకుండా చెయ్యి కడుక్కున్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచారు. వరసగా బూట్లు వేసుకున్నారు. గడప దగ్గర బిందుమాధవి ఆగి, నా చెయ్యి పట్టుకోబోయి, భర్త పిలిస్తే వెళ్లిపోయింది.

భాస్కర్ లేవలేదు. అంతమంది వెళ్తున్నా సాగనంపడానికి కూడా లేవలేదు. ఖాళీ ఆకుల మధ్య ఒక్కడే కూర్చుని పులుసు అడిగాడు. వేశాను. పెరుగన్నం తిన్నాడు. ఆకు మడిచాడు. చెయ్యి కడుక్కుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అత్తమ్మ వెనక తోటలోకి వెళ్లిపోయింది.

"అందరి మీదా పాడావు. నా మీద ఒక్కటీ లేదే?" అన్నాడు.

"ఉన్నది."

"మరి పాడలేదేం?"

"పరాయోల్ల ముందట పాడేది కాదది. ఇంట్ల మాట."

ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు. కంచె అవతల పిలార్, ఇగ్నాసియో ఏదో తగువు పడుతున్నారు. కిటికీ తెరిచే ఉంది.

"ఇప్పుడు పరాయివాళ్లు లేరు కదా. పాడు."

నేను అంట్లు తోముతూ ఉండిపోయాను.

సంఘం నుంచి మళ్లీ మాకు పిలుపు రాలేదు. నవంబరులో అత్తమ్మ తెనాలి వెళ్లిపోయింది. చలికాలం వచ్చి కిటికీలు మూసుకున్నాం. భాస్కర్ క్షమించమని ఒకసారి ఇంగ్లిష్‌లో అడిగాడు, ఇంకోసారి తెలుగులో అడిగాడు. ఆ పాట పాడమని మాత్రం తరచూ అడిగేవాడు. పాడితే తేలిక పడతాడని నాకు తెలుసు. ఇంకా కట్టలేదా అని ఒకనాడు అనుమానంగా అడిగాడు.

కట్టాను. నాలుగు పాదాలు, నోటికి వచ్చు. ఇంకా పాడలేదు.